కుడికి పడ్డ పువ్వు

పోయిన నెలలో ఒక పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కాను. రాయదుర్గంలో కళ్ల డాక్టరును కలవాలి. అమీర్‌పేటలో దిగి, మెట్లన్నీ ఎక్కి దిగి రెండో రైలు పట్టుకునేసరికి నా మోకాళ్లు నన్ను నానా తిట్లూ తిట్టాయి గానీ, ఎవరో పుణ్యాత్ముడు లేచి సీటిచ్చాడు. ఎదురుగా మెడల్లో ఆఫీసు కార్డులు వేసుకున్న ఒక అబ్బాయీ అమ్మాయీ నిలబడి తగవులాడుకుంటున్నారు. సినిమా గురించో, మేనేజరు గురించో అనుకున్నాను. కాదు. ఈ సృష్టి దానంతటదే పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అని. అబ్బాయిది కోస్తా యాస. "ఎవరూ చెయ్యలేదే బాబూ, అంతా ర్యాండమ్‌గా జరిగిపోయింది" అంటున్నాడు. అమ్మాయి మన దిక్కు పిల్ల. "నీ కోడ్ నువ్వు రాయకుంటే అదే రాసుకుంటదా? మరి గింత పెద్ద యూనివర్స్ ఎట్ల అయితది?" అని నిలదీసింది. నా చొక్కా జేబులో రెండు పెన్నులు చూసి వృత్తి పసిగట్టినట్టుంది, ఆ పిల్ల చటుక్కున నావైపు తిరిగి, "అంకుల్, మీరు టీచర్ గదా, మీరు చెప్పుండ్రి" అంది. ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇలాంటి ప్రశ్న ఎవరైనా వేస్తే ఒకప్పుడు నన్ను ఆపడం ఎవరి తరమూ కాకపోయేది. అలాంటిది "నేను దిగాలమ్మా" అని గొణిగి, హైటెక్ సిటీలోనే దిగిపోయి, మిగిలిన దూరం మండే ఎండలో నడిచాను. డాక్టరు నా బీపీ చూసి గాభరా పడ్డాడు.

పారిపోవడానికి కారణం ఉంది. ఆ ప్రశ్నకు సూటిగా, నీళ్లు నమలకుండా, ఒకే ఒక్కసారి జవాబు చెప్పాను. అడిగినవాడు మా బావ.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా మూడేళ్లుంది. మదీనాగూడలో ఒక ఇంటి వెనుక వరసగా ఉన్న రెండు పోర్షన్లలో కిరాయికి ఉండేవాళ్లం. ఒక దాంట్లో నేనూ నా భార్యా, రెండో దాంట్లో మా అక్కా బావా. బావ బండలు పగులగొట్టే మేస్త్రి. ఈ రోజు రాయదుర్గంలో అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు గుట్టలూ, గుండ్లూ ఉండేవి. గుండు అంటే ఒక్కొక్కటి ఇంటంత. వాటికి మిషన్‌తో రంధ్రాలు పొడిచి, పేలుడు మందు తూటాలు దిగ్గొట్టి, వత్తులు అంటించి పేల్చేవాడు. ఇరవై ఏళ్లు అదే పని. ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. అందుకే టీవీలో ఉద్యమం వార్తలు వచ్చేటప్పుడు కుడి చెవిని పెట్టెకు ఆనించినంత పని చేసి, మధ్యమధ్యలో "జై తెలంగాణ" అని అరిచి అక్క చేత తిట్లు తినేవాడు. ఆదివారమైతే చాలు, ధర్నా ఎక్కడుంటే అక్కడికి పోయి, గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఉద్యమమే నా కొడుకు అని ఒకసారి నవ్వుతూ అన్నాడు గానీ, అది నవ్వు మాట కాదని మా అందరికీ తెలుసు.

అక్క సంగతి వేరు. ఆమెకు వంటింట్లో గోడ అలమార నిండా దేవుళ్లే. వేంకటేశ్వరుడు, యాదగిరి నరసింహుడు, ఎల్లమ్మ, పోచమ్మ, ఎవరో క్యాలెండరులో ఇచ్చిన లక్ష్మి, ఇంకా నాకు పేర్లు తెలియనివాళ్లు. పొద్దున లేచి స్నానం చేసి, కుండీలో పూసిన మందారాలు కోసి ఒక్కొక్క పటానికి ఒక్కొక్కటి పెట్టి, దండం పెట్టుకుంటూ వాళ్లందరితో ఇరుగుపొరుగు ఆడవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేది. "నిన్నగాక మొన్న చెప్తిని గద, యాది మరిస్తివా?" అని నరసింహస్వామిని నిలదీయడం నేను నా చెవులారా విన్నాను. గోడ ఇవతల నుంచి నేను, "అక్కా, అవతలివాడికి సిగ్నల్ అందుతలేదట" అనేవాణ్ణి. "నీ నోట్ల మన్ను వడ, మాట్లాడకు" అని అటునుంచి వచ్చేది. రోజూ ఇదే మా సుప్రభాతం.

నేను అప్పుడు పక్కనే ఒక ప్రైవేటు బడిలో పనిచేసేవాణ్ణి. పాఠం చెప్పి ఊరుకునే రకం కాదు. మాకో చిన్న సైన్సు సంఘం ఉండేది. నెలకోసారి ఎక్కడో ఒకచోట కూడి, నిప్పుల మీద ఎట్లా నడవొచ్చో, గాల్లోంచి విభూతి ఎట్లా తీస్తారో చేసి చూపించేవాళ్లం. మనిషిని చూస్తే చాలు, మూఢనమ్మకం ఎక్కడుందా అని వెతికే పిచ్చి ఉండేది నాకు. అలాంటి నాకు దేవుడిచ్చిన వరం (ఈ మాట కూడా అక్క దగ్గర నేర్చిందే) మా బావ.

బావకు ఒక అలవాటు ఉంది. తాతల నాటి నుంచి వాళ్లింట్లో వస్తున్నదట. ఏ గుండునైనా పొడిచే ముందు దానికి ఒక పసుపు గీత, మూడు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఊర్కెనే పగులగొడ్తలేను తల్లీ, కడుపు కోసం" అని చెప్పుకునేవాడు. తర్వాత గుండు నెత్తిన నీళ్లు చిలకరించి, అక్క పొద్దున కోసిచ్చిన మందారాన్ని ఆ తడిలో అతికించేవాడు. ఇక ఒక బీడీ ముట్టించి కూర్చుని చూడడమే. తడి ఆరుతున్నకొద్దీ పువ్వు పట్టు విడిచి జారుతుంది. కుడికి పడితే సెలవిచ్చినట్టు, పొడవొచ్చు. ఎడమకు పడితే తాను నిలబడ్డ పక్క నుంచి ముట్టుకోవద్దన్నట్టు. అప్పుడు మిషన్‌కు గాలి కొట్టే కంప్రెసర్ బండిని చుట్టూ తిప్పి, అవతలి పక్క నుంచి మొదలుపెట్టేవాడు. సగం పూట దండగ అయినా సరే, ఎవరు చెప్పినా వినేవాడు కాదు.

దీని మీద మా ఇద్దరికీ జరిగిన వాదాలు రాస్తే ఒక పుస్తకం అయ్యేది. సెలవు రోజుల్లో బావకు అన్నం డబ్బా పట్టుకుని పని దగ్గరకు వెళ్లేవాణ్ణి. ఒకసారి అక్కడ ఒక గుండు మీద ఇంకో గుండు, అరచేయంత ఆనుపు మీద, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతుందా అన్నట్టు నిలబడి ఉంది. బావ నన్ను దాని ముందుకు తీసుకుపోయి, "ఏం సారూ, ఎవరు వెట్టకుంటే గిది గింత సక్కగ ఎట్ల నిలవడ్డదో జర చెప్పు" అన్నాడు. నేను దొరికిందే సందని అందుకున్నాను. ఇదంతా ఒకప్పుడు ఒకే బండ బావా, రెండువందల యాభై కోట్ల ఏళ్ల నాటిది, ఎండకు పగిలింది, వానకు అరిగింది, మట్టి కొట్టుకుపోయింది, వేల గుండ్లు పడిపోయాయి, పడిపోనిది ఒక్కటి నిలబడింది, నువ్వు నిలబడ్డదాన్నే చూసి పెట్టినవాడు ఎవడని అడుగుతున్నావు, ఈ భూమీ, నక్షత్రాలూ, నువ్వూ, నేనూ అంతా ఇట్లాంటి లెక్కే అన్నాను. బావ అంతా విని, చెవి గోక్కుని, "గన్ని కోట్ల ఏండ్లు ఓపిక వట్టి అరగదీసినోడు ఎవడో ఉండే ఉంటడు బామ్మర్దీ" అన్నాడు. పక్కనున్న పనివాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే పరిశోధనకు దిగాను. ఒక నోటుబుక్కు పెట్టి, నేను వెళ్లిన రోజులన్నీ పువ్వు ఎటు పడిందో రాసుకున్నాను. కొద్ది నెలల్లోనే సంగతి తేలిపోయింది. గుండు నెత్తి ఎటు వాలి ఉంటే పువ్వు అటే పడుతోంది. నడుమ పెడితే గాలి ఎటు వీస్తే అటు. ఎండ ముందుగా తగిలిన పక్క తడి ముందుగా ఆరుతుంది, అదొక లెక్క. నేను ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టు, ఎటు పడుతుందో ముందే చెబుతానని పందెం కట్టి ఐదుసార్లలో ఐదుసార్లూ గెలిచాను. బావ ఆశ్చర్యపోయాడు. "షబాష్‌రా!" అని వీపు తట్టాడు. మర్నాడు మళ్లీ పసుపు, కుంకుమ, పువ్వు. నేను నెత్తి కొట్టుకున్నాను.

ఆ ఏడు వానాకాలం చివర సమ్మెలూ బందులూ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. బస్సులు లేవు, బడులు లేవు. మియాపూర్ రోడ్డు మీద జనం నిరసనగా పొయ్యిలు పెట్టి వంటలు చేసుకుంటూ కూర్చునేవాళ్లు. పని దగ్గర ఒక రోజు సాగితే రెండు రోజులు ఆగేది. బావ ఆగినందుకు సంతోషించి, సాగినందుకు సంతోషించి, మొత్తానికి హుషారుగా ఉన్నాడు.

అలాంటి రోజుల్లో ఒక గురువారం ఒక పెద్ద గుండుకు ఒక పక్కన ఎనిమిది రంధ్రాలు పొడిచి పేల్చారు. వత్తులు కదా, అన్నీ ఒక్కసారి పేలవు. ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే మేస్త్రి దూరంగా నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టుకోవాలి. ఎనిమిదికి ఎనిమిది వినబడితేనే మనుషులు దగ్గరకు పోవాలి. ఆ రోజు అదే సమయానికి కింది రోడ్డు మీద ఊరేగింపు వెళుతోంది. డప్పులు, నినాదాలు, పటాకులు. బావ ఒంటి చెవితో విని ఎనిమిది లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి రోడ్డు మీద పేలిన పటాకు. ఈ సంగతి తర్వాత తెలిసింది. పేలని తూటా ఒకటి బండ కడుపులోనే ఉండిపోయింది. మర్నాటి నుంచి రెండు రోజులు బందు. ఆ రెండు రోజులూ వాన. ముక్కలూ బురదా కలిసి ఆ రంధ్రాన్ని పూడ్చేశాయి.

రెండు రోజులు పని ఆగిపోయిందని ఆదివారం కూడా పని పెట్టారు. నేను డబ్బా తీసుకుని వెళ్లాను. సోమవారం నుంచి మళ్లీ బందని అప్పటికే చెప్పేశారు. నేను చేరేసరికి బావ గురువారం పేల్చిన పక్కనే, మిగిలిన ఆ గుండుకు మళ్లీ పూజ ముగించి బీడీ తాగుతున్నాడు. పువ్వు నేను చూస్తుండగానే జారింది. ఎడమకు.

బావ లేచి, "బండి తిప్పుండ్రి, అవుతల్నుంచి పొడుస్తం" అన్నాడు. అవతలి పక్కంతా బురద. కంప్రెసర్ బండిని ఆ బురదలోంచి తోసుకుపోవాలంటే మధ్యాహ్నం దాటుతుంది. పనివాళ్ల మొహాలు వేలాడిపోయాయి. అక్కడి ఇంజనీరు కోస్తా కుర్రాడు, మర్యాదస్తుడు. ఎక్కడ ఏ మాట అంటే ఏమవుతుందోనని ఆ రోజుల్లో నోరు తెరవాలంటేనే భయపడేవాడు. మెల్లగా వచ్చి, "మేస్త్రిగారూ, మీ పద్ధతి నేను కాదనను. కానీ తూటాల బండి సాయంత్రం వెళ్లిపోతుందండి. ఇవాళ దాటితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదండి. తర్వాత మీ ఇష్టం" అన్నాడు. బావ గుండును చూశాడు, పువ్వును చూశాడు, డబ్బా పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"బామ్మర్దీ, ఇన్నేండ్ల సంది చెప్తున్నవు. నిజంగ చెప్పు. ఉన్నడా, లేడా? నువ్వు లేడంటే ఇటే పొడుస్త."

ఎగతాళికి అడగలేదు. ఎప్పుడూ లేనిది ఆ మొహంలో నవ్వు లేదు. ఒక పెద్దమనిషి, నాకంటే పదేళ్లు పెద్దవాడు, బండల మధ్య నిలబడి నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు. నాకు అప్పుడు ఏమనిపించిందో దాచుకోవలసిన పని లేదు. గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ల నా శ్రమ ఫలించిందనుకున్నాను.

"ఎవ్వరూ లేరు బావా. అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. గాలికి పడ్డది, అంతే" అన్నాను. అనడంతో ఊరుకున్నానా? డబ్బా కింద పెట్టి, రాయి ఎక్కి, నీళ్లు చిలకరించి, అదే పువ్వును తీసి మళ్లీ అతికించాను. ఎక్కడ అతికించాలో నా నోటుబుక్కు నాకు నేర్పింది. నేను పెట్టిన చోటు నుంచి అది ఎడమకు పడే వీలే లేదు. కాసేపటికి కుడికి పడింది. పనివాళ్లు చప్పట్లు కొట్టారు. బావ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "సరే తీ" అని మిషన్ భుజానికెత్తుకున్నాడు.

నేను రేకుల పాక నీడలో డబ్బా విప్పి కూర్చున్నాను. అక్క ఆ రోజు గోంగూర పప్పు పెట్టింది. మిషన్ చప్పుడు మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. ఎర్రజెండా ఊపకుండా, ఈల వేయకుండా, గుండు పేలింది.

దాని గురించి ఎక్కువ రాయలేను. మిషన్ మొన పోయి పాత తూటాను తాకింది. బావ ఒక్కడే దగ్గర ఉన్నాడు, మిగతా వాళ్లు బతికిపోయారు. అంబులెన్సు మియాపూర్ దగ్గరకు రాగానే రోడ్డు మీద వంట చేసుకుంటున్న వాళ్లే పరుగున వచ్చి, మండుతున్న పొయ్యిలను కట్టెలతో సహా పక్కకు లాగి దారి ఇచ్చారు. ఒకాయన కిటికీలోంచి లోపలికి చూసి, "అయ్యో, మన మేస్త్రే గదనే" అన్నాడు. ధర్నాల్లో చూసి ఉంటాడు. దవాఖానలో రెండు రోజులున్నాడు బావ. నేను మందుల కోసం, రక్తం కోసం తిరుగుతుంటే అక్క పక్కనే కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నం పోయాడు.

పువ్వు సంగతి నేను అక్కకు చెప్పలేదు. పనివాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. ఆ ఇంజనీరు వచ్చి అక్క ముందు ఏడ్చి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఇక చెప్పేవాడెవడు? కర్మకాండలు జరిగిన ఆ పది రోజులూ నేను మనసులో ఒకటే వరస చదువుకున్నాను. పటాకు పేలడం యాదృచ్ఛికం. బందు యాదృచ్ఛికం. వాన యాదృచ్ఛికం. పువ్వు ఎడమకు పడడం గాలి వల్ల. ఇన్నీ ఒక్కచోట కలవడం కూడా యాదృచ్ఛికమే, లోకమే అట్లా పుట్టింది, ఇదెంత. బాగానే ఉంది. కానీ అవతలి పక్క నుంచి పొడిచి ఉంటే బావ బతికేవాడు. దేవుడనేవాడు ఒకడుండి, ఒక మందారంతో వద్దు అని చెబితే, ఆ మాటను చేత్తో తీసి కుడిపక్కకు పెట్టినవాణ్ణి నేను. అంతవరకు దేవుడు లేడన్నది నాకు తెలిసిన ఒక సంగతి. ఆ రోజు నుంచి దేవుడు లేకపోవడం నాకు అవసరమైపోయింది. రెండింటికీ తేడా ఎంతో ఎవరికి చెప్పను?

అక్కకు తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వదన్న భయం ఒక్కటే నాకు మిగిలింది. అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది ఆమె. బావ పోయాక ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు, నాకు ఆమె తప్ప పెద్దదిక్కు ఎవరూ లేరు. అందుకే నోరు కుట్టుకున్నాను.

ఏడాది మైల గడిచింది. సంవత్సరీకం అయిన వారం రోజులకు అక్క వంటింట్లోకి వెళ్లిన నేను అలమార చూసి నిలబడిపోయాను. దేవుళ్లు లేరు. కందిపప్పు డబ్బా, చింతపండు డబ్బా, కారం, పసుపు. "పటాలు పెట్టలేదేమే?" అన్నాను. అక్క పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "దేవుడు లేడు గదరా. నువ్వే చెప్తివి" అంది. పటాలన్నీ పాత చీరలో మూట కట్టి గుళ్లో పెట్టి వచ్చిందట.

ఏం చెప్పను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కూడా లేడంటే ఇక నన్ను తప్పుపట్టడానికి ఎవరూ లేరు. పైగా ఇన్నేళ్ల నా వాదన ఆమెకు ఎక్కిందనుకున్నాను. మా బడిలోనే ఆయాగా పని ఇప్పించాను. నేను పదో తరగతికి నక్షత్రాల పాఠం చెబుతుంటే వరండాలో చీపురు పట్టుకుని నిలబడి వినేది. ఓహో, జ్ఞానదాహం అనుకున్నాను, నా మొహం! అంతటితో ఆగితే బాగుండేది. ఒకసారి మా సైన్సు సంఘం సమావేశానికి తీసుకుపోయి వేదిక మీద కూర్చోబెట్టాను. పెద్ద చదువులు లేని ఆడమనిషి, కొండంత దుఃఖంలో కూడా దేవుడి ఆసరా కోరకుండా నిలబడింది, ఈమె మా అక్క అని మైకులో చెప్పాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అక్క తల మీద కొంగు ముందుకు లాక్కుని కూర్చుంది. మొహమాటం అనుకున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు మదీనాగూడ అంతా రంగులు చల్లుకుని, డప్పులు కొట్టుకుని ఆడింది. అక్క గుమ్మంలో నిలబడి చూసి, "మీ బావ ఉంటే ఇయ్యాల ఇంటికి రాకపోవు" అని లోపలికి పోయింది. పటాకుల చప్పుడు మొదలైనప్పుడు తలుపు వేసేసింది.

ఇట్లాగే సంవత్సరాలు పోయాయి. నేను రిటైరయ్యాను. మియాపూర్‌లో చిన్న ఫ్లాటుకు మారాం, అక్క కూడా మాతోనే వచ్చింది. బావ పోయి పదకొండేళ్లయిన ఏడు, ఒక మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని ఇద్దరం చిక్కుడుకాయలు వొలుస్తున్నాం. నా భార్య ఊరికి పోయింది. ఎందుకో తెలియదు, ఆ రోజు ఇక మోయలేననిపించింది. చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని, తల ఎత్తకుండా, "అక్కా, ఆ రోజు పువ్వు ఎడమకు పడ్డది. నేనే తీసి మళ్ల పెట్టిన" అన్నాను.

అక్క వొలవడం ఆపలేదు.

"ఎరికె" అంది.

ఆమె ఇంకో కాయ ఈనె తీస్తూ చెప్పింది. "దవాఖానలనే చెప్పిండు మీ బావ. నువ్వు రక్తం కోసం పోయినప్పుడు. నీ తమ్ముడే కుడికి వడేటట్టు వెట్టిండు, నేను చూసిన, చూసి గూడ పొడిచిన, వాన్నేం అనకు, నామీద ఒట్టు అన్నడు."

"మరి ఇన్నేండ్లు నన్నొక్క మాట అనలేదేందే?"

"ఏమనాలె? నేను మస్తు ఆలోచించిన్రా. దేవుడు ఉంటే, ఆయన పొడవద్దని చెప్పినట్టు. నువ్వు చెయ్యి అడ్డం వెట్టి నా మొగన్ని సంపినట్టు. పొద్దుగాల లేచి ఆయనకు దండం వెట్టి, మల్ల ఇటు తిరిగి నీకు చాయ్ ఎట్ల వోయాలె? లేడనుకుంటే నువ్వేం జెయ్యలేదు. ఉత్తగనే అయింది. అందుకే లేడనుకున్న."

నా పాఠాలు కాదు, నక్షత్రాలు కాదు, కోట్ల ఏళ్ల బండలు కాదు. తమ్ముణ్ణి ఇంట్లో ఉంచుకోవడానికి ఆమె ఇంటినిండా ఉన్న దేవుళ్లను పంపించేసింది. అలాంటి మనిషిని వేదికెక్కించి చప్పట్లు కొట్టించాను.

"పటాలు మళ్ల పెట్టుకో అక్కా" అన్నాను. "నన్ను తిట్టుకో. కొట్టు. నువ్వు నమ్మినట్టే నమ్ముకో. ఆయన ఉన్నాడు, నేనే చంపిన, అట్లనే అనుకో. నాకేం కాదు."

అక్క గిన్నె పక్కకు పెట్టి, తడి చేయి కొంగుకు తుడుచుకుని, నా తల మీద వేసింది. "ఇద్దర్ల ఒక్కల్నే ఉంచుకోవాల్సొచ్చింది. నిన్ను ఉంచుకున్న. గాయన్ని మల్ల తెస్తె నిన్ను యాడ వెట్టాలెరా?" అంది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "గని పొద్దుగాల నిద్ర లేస్తనే చేతులు వాటికవే జోడిస్తయి తమ్మీ. ఇగ చూస్కొని ఇడిపిస్త. అయిపాయె, గాయింతనే" అని మళ్లీ గిన్నె దగ్గరకు లాక్కుంది.

నాలుగు వేల పొద్దులు ఆమె అట్లా జోడించిన చేతులను తానే విడిపించుకుంటూ లేచింది, ఆ నాలుగు వేల పొద్దులూ గోడకు ఇవతల నేను హాయిగా నిద్రపోయాను.